అమ్మని తలుచుకోవడం మానెయ్యక్కర్లేదమ్మా

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నా, జాబ్ చేస్తున్నా. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఊళ్ళో జాకెట్లు కుట్టి నన్నూ తమ్ముణ్ణీ చదివించింది. షుగర్‌తో కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నప్పుడు కొబ్బరినీళ్ళు కావాలని అడిగేది, డాక్టర్లు వద్దన్నారని నేనే ఇవ్వనివ్వలేదు. పెరడంతా కొబ్బరిచెట్లే, అది గుర్తొస్తే ముద్ద దిగట్లేదు. పాప అమ్మమ్మ గురించి అడిగితే లేచి వెళ్ళిపోతున్నా. ఎన్నాళ్ళిలా, తలుచుకోవడం మానెయ్, నువ్వే తేరుకుంటావ్ అంటారు మా ఆయన. ఊళ్ళో ఇంట్లో ఇప్పుడు నాన్న ఒక్కరే ఉంటున్నారు, తమ్ముడేమో అమ్మ కుట్టు మిషన్ అమ్మేద్దాం అంటున్నాడు. తద్దినాలు పెట్టేదీ వాడే, ఇక నాకేం మిగిలింది?

జవాబు: ముందు కొబ్బరినీళ్ళ సంగతి మాట్లాడుకుందామమ్మా, మీరు రాసినదాంట్లో అన్నిటికంటే బరువైంది అదే. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేసేవాళ్ళకి అది బయటికి పోతుంది, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి ఒంట్లోనే పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, పైగా నీళ్ళే కొలిచి తాగాల్సిన పరిస్థితి. అంటే మీరు ఆ గ్లాసు ఆపింది ఆవిడ ఇంకో పండగకి ఉండాలని. ఆవిడ అడగడమూ తప్పు కాదు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తాగిన నీళ్ళు మరి. అడిగిందని బాధపడండి, అది సహజం, కానీ నేను అమ్మకి అన్యాయం చేశా అని మాత్రం అనుకోకండి, అది నిజం కాదు.

మీవారు చెడ్డగా అన్లేదు, మీరు ఏడుస్తుంటే చూడలేక అన్నారు. కానీ ఆ సలహా పనిచెయ్యదమ్మా. తలుచుకోకూడదు అని పట్టుబట్టినకొద్దీ మీరు పాప దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోతున్నారు చూడండి, రేపు ఆ పిల్లకి అమ్మమ్మ అంటే అమ్మ ఏడ్చే మాట అని తప్ప ఇంకేం తెలీకుండా పోతుంది. ఆయనతో ఈ ఒక్కటి చెప్పండి, నన్ను ఆపొద్దు, కాసేపు పక్కన కూర్చోండి చాలు అని.

ఎనిమిది నెలలు ఎక్కువా అంటే, మన పెద్దవాళ్ళు నెలనెలా మాసికాలు పెట్టి ఏడాది పొడుగునా పోయినవాళ్ళని తలుచుకోమన్నారు, ఎనిమిది నెలలకే మర్చిపోవాలని ఎవరూ అన్లేదు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్టులో ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అని ఒకటుంది, ఆరు నెలలు దాటాక కూడా దుఃఖం తీవ్రంగా ఉండిపోయి, ఆ సమాజం ఆచారం ప్రకారం అనుకునేదానికంటే బాగా మించిపోయి, మనిషి పనులు చేసుకోలేకపోతేనే దాన్ని అలా అంటారు. మీరు ఆఫీసుకెళ్తున్నారు, పాపని చూసుకుంటున్నారు. అయితే ముద్ద దిగట్లేదన్నారు కదా, అది ఎప్పుడో ఒకసారి కాకుండా రోజూ అలాగే ఉన్నా, నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదు అనిపించినా మాత్రం ఆగకండి, మనసు బాధలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక మిషన్. అమ్మొద్దు, నాకివ్వు అని తమ్ముడికి ఈరోజే చెప్పండి, అతనికది చోటు ఆక్రమించిన ఇనుము అనిపించి ఉండొచ్చు, మీకేంటో అతనికి తెలీదు, చెప్తే కదా తెలిసేది. హైదరాబాద్ తెప్పించుకుని ఆయిల్ వేయించి, బెల్టు పాతదైతే మార్పించి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని దిండు గలీబులు కుట్టండి. వంకరగా వచ్చినా పర్లేదు. చేతులు పనిలో ఉంటే నోట్లోంచి మాట సులువుగా వస్తుంది, సంక్రాంతి ముందు అమ్మ ఎంత రాత్రిదాకా మిషన్ తొక్కేదో, ఎవరి జాకెట్టు ముందివ్వాలో ఎలా గుర్తుపెట్టుకునేదో అప్పుడు చెప్తారు. మధ్యలో ఏడుపొస్తే ఏడవండి, పాప చూస్తే చూడనివ్వండి, అమ్మమ్మ గుర్తొచ్చింది నాన్నా అని చెప్పి మళ్ళీ కుట్టండి.

ఇంకో మాట, ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మ దగ్గర కుట్టించుకున్న ఆడవాళ్ళిళ్ళకి వెళ్ళండి. ఆది జాకెట్టు పట్టుకుని వచ్చి మీ అరుగు మీద కూర్చుని కష్టం సుఖం చెప్పుకున్నవాళ్ళు వాళ్ళు, ఎవరికి డబ్బులు తీసుకోకుండా కుట్టిపెట్టిందో, ఎవరికి ఏం ధైర్యం చెప్పిందో వాళ్ళకే తెలుసు, మీ చిన్నప్పుడు మీకు కనపడని అమ్మ అక్కడుంది. అడగండి, చెప్తారు. నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు కూడా అన్నం తిన్నారా, బీపీ మాత్ర వేసుకున్నారా దగ్గరే ఆగిపోకుండా, అమ్మ ఆ మిషన్ ఎప్పుడు కొనుక్కుంది నాన్నా అని అడగండి. ఆ ఇంట్లో ఒక్కరే ఉన్న మనిషితో అమ్మ పేరు ఎత్తేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?

తద్దినం తమ్ముడు పెడతాడు, నిజమే. కానీ అమ్మ పుణ్యస్త్రీగా వెళ్ళింది, మహాలయ పక్షాల్లో భాద్రపద బహుళ నవమి, అవిధవ నవమి అంటారే, అలా వెళ్ళిన తల్లుల కోసమే ఉన్న రోజది, ముత్తైదువని పిలిచి భోజనం పెట్టి చీర, జాకెట్టు ముక్క ఇస్తారు. ఏడాది పూర్తయ్యాక చెయ్యాలా, మీ ఇంటి పద్ధతేంటి అన్నది నాన్నగారినో మీ పురోహితుణ్ణో అడిగి తెలుసుకోండి. శ్రాద్ధం తమ్ముడే పెట్టనివ్వండి, ముత్తైదువకి వడ్డించేది, చీర పెట్టేది మాత్రం నేనే అని ముందుగానే ఇంట్లో చెప్పండి. జాకెట్టు ముక్కగా ఇవ్వకుండా ఆవిడ ఆది తీసుకుని అమ్మ మిషన్ మీద కుట్టే ఇవ్వండి. చేతకాకపోతే నేర్చుకోండి, అప్పటికి ఇంకా టైముంది.