చిమ్నీ లైనర్‌కు గుంటలు పడ్డాయి, వారంటీ వర్తిస్తుందా?

ప్రశ్న: మా పొయ్యి చిమ్నీలో స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ (పొగ గొట్టం లోపలి తొడుగు) వేయించి ఏడాదిన్నర అయింది. మసి తీయడానికి వచ్చిన సర్వీసు మనిషి ఇనుప బ్రష్‌తో గీకి, ఏదో యాసిడ్ పోశాడు. నెల తిరక్కుండానే తుప్పు మచ్చలు, సూదితో పొడిచినట్టు గుంటలు! కంపెనీ వారంటీ ఇవ్వనంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మచ్చలు తోమించేసి, తడిగుడ్డతో మాత్రమే తుడిచామని రాసిస్తే వారంటీ వస్తుందా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. మచ్చలే మీ సాక్ష్యం, వాటిని మీ చేత్తో మీరే చెరిపేసుకుంటారా? పైగా అఫిడవిట్‌లో అబద్ధం చెప్పడం నేరం.

ఇక్కడ తేలాల్సింది ఒక్కటే: గుంటలు లోహం లోపం వల్ల పడ్డాయా, శుభ్రం చేసిన తీరు వల్లా? స్టెయిన్‌లెస్ స్టీల్‌ను తుప్పు నుంచి కాపాడేది పైనున్న పలచని క్రోమియం ఆక్సైడ్ పొర. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, బ్లీచ్‌లో ఉండే క్లోరైడ్ దాన్ని ఛేదించి, సరిగ్గా మీరు చెప్పినలాంటి గుంటలు పెడుతుంది. మామూలు ఇనుప బ్రష్ వదిలిన రేణువులేమో అంటుకుని తుప్పు పడతాయి. మీరు రాసిందాన్ని బట్టి మీ కేసు ముఖ్యంగా కంపెనీ మీద కాదు, సర్వీసు మనిషి మీద. అది సేవాలోపం.

లైనర్‌తో వచ్చిన పుస్తకం చదవకుండా, యాసిడ్ సీసా మీద లేబులైనా చూడకుండా పని అప్పగించడం మీ అజాగ్రత్తే. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. ఆ సీసా దొరికితే దాచండి. బిల్లు, డబ్బు చెల్లించిన రుజువు, వాట్సాప్ మెసేజ్‌లు, తేదీ కనిపించే ఫొటోలు భద్రం చేయండి. సీసా లేకపోతే, ఏం వాడాడో మెసేజ్ పెట్టి అడగండి. జవాబు అతని రాతలోనే ఉంటుంది.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019, సెక్షన్ 69 ప్రకారం నష్టం జరిగిన నాటి నుంచి లెక్క. ఫోన్లలో బతిమాలుతూ కూర్చుంటే గడువు ఆగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు గానీ, ఆ ఆశ మీద ఉండకండి.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు చూడండి. కదలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. లోహంలోనే లోపముందేమో తేల్చాల్సి వస్తే, నమూనాను ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది.

ఈలోపు ఆ పొయ్యి వెలిగించకండి. గుంట చిల్లుగా మారితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తుంది. నిపుణుణ్ణి పిలిచి లోపల కెమెరాతో తనిఖీ చేయించి, రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. కేసులోనూ అదే మీకు ముఖ్యమైన కాగితం.