శనివారం రాత్రి భోజనానికి వెళ్తున్న మా చిన్నికి

నల్లకుంట,
గురువారం.

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. తెనాలిలో చలి సంగతి, మీ అమ్మ మోకాళ్ళ సంగతి అన్నీ చెప్పి, ఇక పెట్టేస్తాడనుకుంటుంటే మెల్లగా అసలు విషయం బయటపెట్టాడు. ఆ సంబంధం వాళ్ళబ్బాయీ నువ్వూ ఈ శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో మేడమీద కొవ్వొత్తుల వెలుగులో భోజనం పెట్టే హోటల్‌కి వెళ్తున్నారట, ఇద్దరే. "నువ్వేమంటావక్కా?" అన్నాడు. "వెళ్ళనీరా, మంచిదేగా" అన్నాను. అనేసి పడుకున్నాను గానీ రెండింటి దాకా కన్ను మూతపడలేదు.

ముందు సంతోషమే కలిగింది తల్లీ. మన ఇంట్లో పెళ్ళికి ముందు అబ్బాయి ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి మాట్లాడబోతున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. నా పెళ్ళిచూపుల్లో నేను చూసింది మీ మామయ్య చెప్పులు. బ్రౌన్ రంగు, ఎడమదాని పట్టీ కుట్టించి ఉంది. అంతకుమించి తలెత్తలేదు. నువ్వు తలెత్తి చూడబోతున్నావు. ఆ తర్వాత భయం మొదలైంది. ఫోన్లో చెబుదామంటే "సరే అత్తా, మీటింగ్ ఉంది" అంటావు. అందుకే కాగితం తీశాను. రేపు పక్కింటబ్బాయి మాదాపూర్ వైపు వస్తున్నాడు, ఉసిరికాయ పచ్చడి సీసాతో పాటు దీన్నీ మీ హాస్టల్లో ఇచ్చి వెళ్తాడు. ముందు ఉత్తరం చదువు.

శనివారం రాత్రి జూబ్లీహిల్స్ అంటే జాతరే. టేబుల్ బుక్ చేశారో లేదో నువ్వే అడుగు. వంటింటి తలుపు దగ్గరా స్పీకర్ కిందా కాకుండా కాస్త మూలగా ఇమ్మని ముందే చెప్పమను. ఏడున్నరకల్లా వెళ్ళి కూర్చోండి. తొమ్మిది దాటాక చాలాచోట్ల పాటల సౌండు పెంచేస్తారు, ఎదుటి మనిషి మాట వినపడదు. మేడమీద కాబట్టి శాలువా తీసుకెళ్ళు. మార్గశిరం చలి పగలు తెలియదు, రాత్రి ఎముకల్లోకి దిగుతుంది.

ఇంకొకటి. ఆ వెలుగులో మెనూ అక్షరాలు కనబడవు. మెనూ ఫోన్లోనే దొరుకుతుందిగా, పగలే చూసుకో. నీకేం కావాలో రెండు మూడు అనుకుని వెళ్ళు. పేర్లు తెలియకపోతే వచ్చినతన్ని అడుగు, అది అతని పని. అరబియాటా అంటే టమాటా, ఎండుమిర్చి వేసిన ఎర్ర సాసు, మన నోటికి బాగుంటుంది. రిసోట్టో అంటే మెత్తగా ఉడికించిన అన్నమే, వెన్నా చీజూ కలిపి చేస్తారు. సీజర్ సలాడ్ పేరు చూసి ఆకులే కదా అనుకోకు. దాని మీద పోసే డ్రెస్సింగ్‌లో మామూలుగా చేప ఉంటుంది. డాలస్‌లో మా కోడలు చెప్పేదాకా నాకూ తెలియదు. శనివారం నువ్వు నీచు ముట్టవు కాబట్టి ఇది గుర్తుపెట్టుకో.

అసలు నాకు నిద్ర పట్టనిది ఆ శనివారం గురించే.

మా పెళ్ళి 1984 మే నెలలో జరిగింది. నాకప్పటికి టెలిఫోన్స్‌లో ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. ట్రంకు కాల్స్, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్లు కలిపే సీటు. చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని విజయవాడ, అక్కడ దొరక్కపోతే గుంటూరు, ఇలా రోజంతా ముక్కూమొహం తెలియని వందలమందితో గలగలా మాట్లాడేదాన్ని. మీ మామయ్య సెక్రటేరియట్‌లో గుమాస్తా. పెళ్ళైన నెలకి, మొదటి జీతం చేతికి రాగానే, "ఈ శనివారం బయట భోంచేద్దాం" అన్నారు.

అప్పట్లో ఏకాంతంగా కూర్చోవాలంటే ఇరానీ హోటల్లో ఫ్యామిలీ రూమే. చెక్కలతో కట్టిన చిన్న గది, ముందు పరదా, లోపల పాలరాతి బల్ల. అడక్కుండానే పళ్ళెం నిండా బిస్కెట్లు, సమోసాలు తెచ్చిపెట్టేవారు. ఎన్ని తింటే అన్నింటికే డబ్బులు. ఆయన నన్ను అక్కడికి కాదు, ఆబిడ్స్‌లో ఏసీ ఉన్న పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళారు. నేను అంతకుముందు ఏసీ గదిలో కూర్చుంది మా ఎక్స్ఛేంజీలో మిషన్ల పక్కనే. దీపాలు బాగా తగ్గించి పెట్టారు. బల్ల మీద ఎర్రగుడ్డ, గ్లాసులో మడిచి నిలబెట్టిన నాప్‌కిన్. ఆయన ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చున్నారు. పరీక్ష రాయడానికి వచ్చిన కుర్రాడిలా ఉన్నారు.

"ఏం తింటావు?" అన్నారు. నేను "మీ ఇష్టం" అన్నాను.

ఆ రెండు మాటలే నేను చేసిన తప్పు. శనివారం, నాకు నీచు లేదు. వెంకటేశ్వరస్వామికి మొక్కు, చిన్నప్పటినుంచీ. ఆయనకి తెలియదు, తెలిసే అవకాశం నేనివ్వలేదు. చికెన్ బిర్యానీ రెండు ప్లేట్లు, చికెన్ 65 చెప్పారు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. వెయిటర్ పెన్సిల్ పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నాడు. నేను ఎర్రగుడ్డ అంచు మడతపెడుతూ కూర్చున్నాను. చెబితే ఏమనుకుంటారో, అంత సరదాపడి తీసుకొచ్చారు, చిన్నబుచ్చినట్టవుతుందేమో అని.

ప్లేట్లు వచ్చాయి. నేను మెతుకులు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరిపాను. ముక్కని అన్నం కింద కప్పాను. పక్కన పెట్టిన ఉల్లిపాయ చక్రాలు నాలుగు తిన్నాను, నిమ్మకాయ బద్ద చీకాను. ఆ మసక వెలుతురులో ఆయనకి తెలియదనుకున్నాను. ప్లేటు తీసేటప్పుడు వెయిటర్ "మేడమ్‌కి నచ్చలేదా సార్?" అన్నాడు. అప్పుడు ఆయన నా ప్లేటు చూశారు. తర్వాత నన్ను చూశారు. ఏమీ అనలేదు. అరవై రూపాయల దాకా బిల్లు కట్టారు, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని. అక్కడినుంచి ట్యాంక్‌బండ్ మీద కాసేపు నడిచాం. అప్పటికి నీళ్ళలో బుద్ధుడు లేడు, వట్టి చీకటి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక ఆయన పడుకున్నారనుకుని, వంటింట్లో దీపం వేయకుండా, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని ఆవకాయ నంజుకుని తిన్నాను. నీళ్ళగ్లాసు కోసం వెతుకుతుంటే చెయ్యి తగిలి స్టీలు కంచం గచ్చు మీద కాస్త జరిగింది. కొంచెమే చప్పుడు.

ఆ తర్వాత ఆయన నన్ను మళ్ళీ హోటల్‌కి తీసుకెళ్ళలేదు. ప్రతి పెళ్ళిరోజుకీ పుల్లారెడ్డి మిఠాయి డబ్బా ఇంటికొచ్చేది, ఒక్క ఏడూ తప్పలేదు. కానీ "పద, బయటికెళ్దాం" అనే మాట మాత్రం రాలేదు. నాతో బయటికి రావడం ఆయనకి ఇష్టం లేదనుకున్నాను. మా సీట్లో అమ్మాయిలు ఆదివారం ఎక్కడెక్కడ తిన్నారో చెప్పుకుంటుంటే నేను హెడ్‌సెట్ పెట్టుకునేదాన్ని.

2011లో ఆయన రిటైరయ్యారు. ఆ సాయంత్రం ఆఫీసు వాళ్ళు ఇచ్చిన దండతో, శాలువాతో ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని అన్నారు: "ఇవాళ నిన్నెక్కడికైనా తీసుకెళ్ళాలనుంది. కానీ నీకు హోటళ్ళంటే పడదు కదా. ఆ రోజు ఇంటికొచ్చి చీకట్లో అన్నం తిన్నావు, నేను విన్నాను."

ఇరవై ఏడేళ్ళు చిన్నీ. కంచం చప్పుడు వినిపించుకుని, నన్ను ఇబ్బంది పెట్టకూడదని ఆయన అడగలేదు. ఆయనకే ఇష్టం లేదనుకుని నేను అడగలేదు. ఇద్దరం ఒకరినొకరు నొప్పించకూడదనే అనుకున్నాం. ఆ రోజు వెయిటర్ ముందు "శనివారమండీ, నాకు వెజ్ చెప్పండి" అని ఉంటే అయిపోయేది. రోజుకి వందలమందికి లైను కలిపినదాన్ని, నా ఇంట్లో మనిషికి ఆ ఒక్క మాట అందించలేకపోయాను.

అందుకే చెబుతున్నాను, కోప్పడుతున్నాననే అనుకో. నీకూ ఆ అలవాటుంది. పోయిన దసరాకి చీర కొందామని నాలుగు షాపులు తిప్పితే నాలుగింట్లోనూ "నీ ఇష్టం అత్తా" అన్నావు. ఆకుపచ్చది తీసుకున్నాం, అది నువ్వు ఒక్కసారీ కట్టలేదు. నాకు తెలియదనుకోకు. శనివారం ఆ అబ్బాయి "ఏం తింటారు?" అంటే "మీ ఇష్టం" అన్నావంటే ఊరుకోను. అతను ముందే ఏదైనా చెప్పేసినా సరే, వెయిటర్ అక్కడ నిలబడి ఉండగానే "ఇది నాకు వద్దండీ, ఇవాళ వెజ్ తింటాను" అను. అని అతని మొహం చూడు. వెయిటర్‌తో ఎలా మాట్లాడతాడో చూడమని నీ ఫ్రెండ్స్ చెప్పే ఉంటారు. అదీ చూడు. నువ్వు వద్దన్నప్పుడు ఎలా ఉన్నాడన్నది అంతకంటే ముఖ్యం. విసుక్కుంటే తెలిసిపోతుంది. "అయ్యో, అడగలేదు" అంటే అదీ తెలిసిపోతుంది. ఇంకా మాట్లాడాల్సినవి ఉన్నాయి కదా, ఉద్యోగం మానమంటారా, మీ అమ్మానాన్నలకి డబ్బు పంపొచ్చా అని. తిండి దగ్గర నోరు పెగిలితే అవి కూడా అడగ్గలుగుతావు.

ఇప్పుడు నా రెండో భయం. దీని మీద మాత్రం నాతో వాదించకు. అతను తాగితే, ఒక్క గ్లాసైనా సరే, అతని కారెక్కకు. శనివారం రాత్రి ఆ రోడ్ల మీద పోలీసులు నోట్లో గొట్టం పెట్టి ఊదించే చెకింగులు ఉంటాయి. నేను భయపడేది వాళ్ళకి కాదు. నైట్ డ్యూటీల్లో నేనెన్ని యాక్సిడెంటు కాల్స్ కలిపానో నీకు తెలియదు. అవతల ఫోనెత్తిన తల్లి గొంతు మొదట నిద్రమత్తుగా ఉండేది. తర్వాత ఆ గొంతు ఎలా మారేదో నాకిప్పటికీ వినపడుతుంది. వెళ్ళేటప్పుడు మెట్రోలో వెళ్ళు, మీ మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు రెండో స్టేషనే. రాత్రి పదకొండు దాటాక మెట్రో దొరుకుతుందనుకోకు, పదిన్నరకే లే. క్యాబ్ అయితే బండి నంబరు నాకు పంపు. 2024లో పోలీసులు టీ-సేఫ్ అని పెట్టారు, ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే ఇల్లు చేరేదాకా ప్రయాణాన్ని గమనిస్తారు. అది ఫోన్లో పెట్టుకో. ఏం తేడాగా అనిపించినా 100కి కొట్టు, ఆ తర్వాతే నాకు.

బిల్లు సంగతి. నీ కార్డు, కొంత నగదు దగ్గర పెట్టుకో, సగం నేనిస్తానని చెప్పు. అతను వద్దంటే "అయితే వచ్చేసారి నాది" అను, వచ్చేసారి ఉండాలనిపిస్తేనే. 5 శాతం జీఎస్టీ ఉంటుంది, కట్టాల్సిందే. సర్వీస్ చార్జీ అని ఇంకొకటి వేస్తే అది బలవంతం చేయకూడదని 2022లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు. నీళ్ళ సీసా వద్దు, మామూలు మంచినీళ్ళు అడుగు.

2011 తర్వాత మేమిద్దరం చాలా తిరిగాం, నీకు గుర్తుందో లేదో. ఆ రిటైరైన రాత్రే వెళ్ళాం. నేను మెనూ అంతా చదివి టమాటా సూపు, బేబీకార్న్ మంచూరియా, వెజ్ బిర్యానీ చెబితే ఆయన మెనూ పక్కన పెట్టేసి నన్నే చూస్తూ కూర్చున్నారు. మా ముప్ఫయ్యో పెళ్ళిరోజుకి మీ బావ డాలస్ నుంచి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో టీ బుక్ చేశాడు. లోపల భోజనాల గది చూపించారు. నూట ఒక్కమంది ఒకేసారి కూర్చునే బల్ల అది, ఆ చివర నుంచి ఈ చివరకి మనిషి చిన్నగా కనబడతాడు. మీ మామయ్య దాని అంచు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. "ఇంత బల్లయితే నువ్వేం తింటున్నావో నాకెలా కనబడుతుంది?" అన్నారు. ఆయన 2019లో పోయారు. మాకు అలా దొరికినవి ఎనిమిదేళ్ళు.

నువ్వు ఆకుపచ్చ చీర కట్టుకోనక్కర్లేదు. నీకు నచ్చింది వేసుకో. బిగుతు చెప్పులు మాత్రం వద్దు, మేడమెట్లుంటాయి.

ఆదివారం పొద్దున తొమ్మిదికి కాఫీ కలుపుకుని ఫోన్ పక్కనే కూర్చుంటాను. అబ్బాయి ఎలా ఉన్నాడో మీ నాన్న అడుగుతాడు, అతనికి చెప్పుకో. నాకు ముందు నువ్వేం తెప్పించుకుని తిన్నావో చెప్పు.

మీ అత్త