ఉచితం అంటే నమ్మరు, ఏం చెప్పాలి?

ప్రశ్న: బెంగళూరు పీణ్యాలోని చిన్న కంపెనీలకు విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ గురించి చెబుతున్నాను. ‘వాలంటీర్లు చేసిందా? రేపు పాడైతే ఎవరిని అడగాలి?’ అంటున్నారు.

జవాబు: అది న్యాయమైన ప్రశ్న. ‘ఉచితం’తో మొదలుపెట్టకండి, భరోసాతో మొదలుపెట్టండి. డెబియన్ 1993 నుంచి నడుస్తోంది. ఒక్కో విడుదలకు మూడేళ్లు, ఆపై ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) కింద మరో రెండేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. డబ్బు తీసుకుని సర్వీసు చేసే కన్సల్టెంట్ల జాబితా డెబియన్ సైట్లోనే దేశాలవారీగా ఉంది. ఏడాది సర్వీసు ఖర్చు ఎంతో ముందే రాసివ్వండి.

తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే డెబియన్ లైవ్ ఇమేజ్ రాసి (అందులోని పాత ఫైళ్లు పోతాయి, జాగ్రత్త) వాళ్ల కంప్యూటర్‌నే దాంతో బూట్ చేయండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు హార్డ్‌డిస్క్ జోలికి పోదు. వైఫై, స్కానర్ చూడండి. ముఖ్యంగా వాళ్ల ఇన్‌వాయిస్‌నే వాళ్ల ప్రింటర్‌లో తీయండి. ముందే గీతలు అచ్చేసిన కాగితమైతే మార్జిన్ కాస్త జరిగినా అంకెలు గడి దాటుతాయి. బేరం అక్కడే చెడుతుంది.

ట్యాలీకి విండోస్ కావాలి. ఎక్సెల్ మ్యాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా షీట్‌లో రాసుకున్న ఆదేశాలు) డెబియన్‌లో ఎక్సెల్ బదులు వాడే లిబ్రెఆఫీస్‌లో చాలాసార్లు మొరాయిస్తాయి. ఈ రెండూ దాచకండి. అకౌంట్స్ కంప్యూటర్‌ను అలాగే వదిలేసి, బ్రౌజర్, మెయిల్ మాత్రమే వాడే కంప్యూటర్లతో మొదలుపెట్టండి.