టెక్ సందేహాలు: అత్యవసరానికి ఒకే దారి ఉంచండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ జట్లలో పనిచేసేవారివే. కూర్చునే గంటలు పెరుగుతున్నాయి గానీ పని సాగడం లేదన్నది దాదాపు అందరి ఫిర్యాదూ. వాటిలో ఐదింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మా జట్టులో ఎనిమిది మంది ఇంజినీర్లం. ఆఫీసు సందేశాల యాప్ స్లాక్ రోజంతా మోగుతూనే ఉంటుంది. నోటిఫికేషన్లు ఆపేస్తే ప్రొడక్షన్‌లో (వినియోగదారులు వాడుతున్న అసలు వ్యవస్థలో) ఏదైనా కూలినప్పుడు తెలియదేమోనన్న భయం, ఆపకపోతే గంటసేపైనా కోడ్ మీద మనసు నిలవదు. ఏ సెట్టింగు మార్చుకోవాలి?

జవాబు: సెట్టింగుల జోలికి వెళ్లే ముందు జట్టంతా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. నిజంగా అత్యవసరమైన కబురు ఏ దారిలో రావాలి, ఎవరికి రావాలి? సర్వర్ ఆగిపోయిందన్న హెచ్చరికా, వచ్చే వారం ఎవరెవరు సెలవులో ఉంటారన్న ప్రశ్నా ఒకే చోట, ఒకే చప్పుడుతో వస్తున్నంత కాలం దాన్ని పట్టించుకోకుండా ఉండే ధైర్యం ఎవరికీ రాదు. అందుకని వారానికొకరు చొప్పున ఆన్‌కాల్ (అత్యవసర పిలుపులకు సిద్ధంగా ఉండే) వంతులు వేసుకోండి. మానిటరింగ్ వ్యవస్థ నుంచి వచ్చే హెచ్చరికలు పేజర్‌డ్యూటీ వంటి సాధనం ద్వారా ఫోన్ కాల్‌గా ఆ ఒక్కరికే వెళ్లాలి. వారు ఎత్తకపోతే పిలుపు రెండో వ్యక్తికి మళ్లాలి. ఆ వారం ఆన్‌కాల్‌లో ఉన్నవారి నుంచి పెద్ద ఫీచర్ ఆశించకండి. పక్క జట్ల నుంచి వచ్చే చిన్నాచితకా ప్రశ్నలకు కూడా వారే జవాబు చెబితే మిగిలిన ఏడుగురికీ ఊపిరి ఆడుతుంది.

ఇది కుదిరాక సెట్టింగుల పని తేలికే. స్లాక్‌లో ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి నోటిఫికేషన్లను కొంతసేపు ఆపవచ్చు. ప్రిఫరెన్సెస్‌లో నేరుగా వచ్చే సందేశాలకూ, మీ పేరు ప్రస్తావించిన వాటికీ, మీరు ఎంచుకున్న కొన్ని పదాలకూ మాత్రమే గంట మోగేలా మార్చవచ్చు. సంబంధం లేని ఛానళ్లను మ్యూట్ చేయండి. 'ఎట్ ఛానల్' అని రాస్తే ఆ ఛానల్ సభ్యులందరికీ, 'ఎట్ హియర్' అని రాస్తే అప్పుడు యాక్టివ్‌గా ఉన్నవారికీ గంట మోగుతుంది కాబట్టి, ఆ రెండింటినీ ఎవరు వాడవచ్చో నిర్ణయించే అధికారం ఉన్న అడ్మిన్‌తో ఒకసారి మాట్లాడండి. మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాడేవారు 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకుని, ప్రయారిటీ యాక్సెస్ జాబితాలో ఒకరిద్దరి పేర్లు చేర్చుకుంటే వారి పిలుపు మాత్రం అందుతుంది.

'హాయ్, ఖాళీయేనా?' అని రాసి ఊరుకునే అలవాటును మాత్రం ఏ సెట్టింగూ మాన్పించలేదు. అవతలివారు చేస్తున్న పని ఆపి 'చెప్పండి' అన్నాక, అసలు ప్రశ్న టైప్ అయ్యేదాకా ఎదురుచూడాలి. సమస్య ఏమిటి, ఇప్పటికే ఏమేం ప్రయత్నించారు, జవాబు ఎప్పటిలోగా కావాలి అన్న మూడూ మొదటి సందేశంలోనే ఉండాలని జట్టులో నియమం పెట్టుకోండి. సగం ప్రశ్నలకు అలా రాస్తున్నప్పుడే జవాబు తట్టేస్తుందన్నది వేరే సంగతి.

ప్రశ్న: ఒక ఫీచర్ సగంలో ఉండగా అత్యవసరంగా బగ్ సరిచేయమంటారు. మార్పులను స్టాష్ చేసి (తాత్కాలికంగా పక్కన దాచి) వేరే బ్రాంచ్‌కు (కోడ్‌లోని మరో శాఖకు) వెళ్లి తిరిగొచ్చేసరికి ఎక్కడ ఆపానో గుర్తుండదు. ఉపాయం ఉందా?

జవాబు: కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో ఉన్న వర్క్‌ట్రీని వాడండి. 2015లో వచ్చిన గిట్ 2.5 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉన్నా చాలామంది దీని జోలికి పోరు. 'గిట్ వర్క్‌ట్రీ యాడ్' అనే ఆదేశంతో అదే రిపాజిటరీకి (కోడ్ భండారానికి) చెందిన మరో బ్రాంచ్ వేరే ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. మీ ఫీచర్ ఫైళ్లు, ఎడిటర్‌లో తెరిచిన ట్యాబ్‌లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కొత్త ఫోల్డర్‌లో డిపెండెన్సీలను (మీ కోడ్ ఆధారపడే ఇతర ప్యాకేజీలను) మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవలసి రావచ్చు. ఒకే బ్రాంచ్‌ను రెండు వర్క్‌ట్రీల్లో తెరవడానికి గిట్ మామూలుగా ఒప్పుకోదు. పాత పనిని వదిలే ముందు, తర్వాత చేయాల్సిందేమిటో కోడ్‌లోనే ఒక వ్యాఖ్యగా రాసిపెట్టుకోవడం మరవకండి.

ప్రశ్న: పనులను కార్డులుగా చూపే జిరా బోర్డులో 'జరుగుతున్నవి' అన్న వరుసలో ఎప్పుడూ పద్దెనిమిది కార్డులు ఉంటాయి, మేమేమో ఆరుగురం. ఏది అడిగినా 'దాదాపు అయిపోయింది' అంటారు, విడుదల మాత్రం కాదు. మనుషులను పెంచాలా?

జవాబు: ముందు కార్డులను తగ్గించండి. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: చేతిలో ఉన్న పనుల సగటును, నిర్ణీత కాలంలో పూర్తయ్యే పనుల సగటుతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. మీ బోర్డులో పద్దెనిమిది కార్డులుండి వారానికి మూడు పూర్తవుతుంటే, మొదలుపెట్టిన పని సగటున ఆరు వారాలకు గానీ బయటపడదు. అదే వేగంతో తొమ్మిదింటినే చేతిలో ఉంచుకుంటే మూడు వారాలు చాలు. ఎవరూ ఒక్క గంట ఎక్కువ పనిచేయనక్కర్లేదు. వేగం తగ్గుతుందేమోనని మీ మేనేజర్ అనుమానించవచ్చు గానీ, సాధారణంగా జరిగేది అందుకు విరుద్ధమే. ఒక పని ముగియకుండానే ఇంకో దానికి మారినప్పుడు మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే ఆగిపోతుందని మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. ఒక్కొక్కరూ మూడేసి కార్డులు మోస్తున్న చోట ఇది నిత్యకృత్యమే.

జిరా బోర్డు సెట్టింగుల్లో ఒక్కో వరుసకు గరిష్ఠ పరిమితి పెట్టవచ్చు. కార్డులు ఆ పరిమితి దాటితే వరుస రంగు మారి హెచ్చరిస్తుందే తప్ప కొత్త కార్డు చేరకుండా అడ్డుకోదు కనుక, ఆ రంగును చూసీ చూడనట్టు ఊరుకోకుండా ఉండవలసింది మీరే. ఇంకొకటి, మీ పద్దెనిమిదిలో ఎన్ని నిజంగా ఎవరైనా పనిచేస్తున్నవో, ఎన్ని కోడ్ రివ్యూ (సాటివారు చదివి ఆమోదించడం) కోసం పడి ఉన్నవో విడదీసి చూడండి. రివ్యూకు బోర్డులో ప్రత్యేకమైన వరుస లేని జట్లలో 'దాదాపు అయిపోయింది' అన్న మాటకు అర్థం సాధారణంగా అదే. రివ్యూ వరుసను వేరు చేసి దానికి మూడు అని పరిమితి పెట్టండి. అది నిండినప్పుడు ఎవరూ కొత్త టికెట్ (కార్డు) తీసుకోకుండా ముందు ఒక పుల్ రిక్వెస్ట్ (రివ్యూకు పంపిన కోడ్ మార్పు) చదవాలి. ఆ భారం ఎప్పుడూ ఒకే సీనియర్ మీద పడుతుంటే, కోడ్ ఉంచుకునే గిట్‌హబ్‌లో జట్టు సభ్యులకు రివ్యూలను వంతులవారీగా గానీ, ఎవరి చేతిలో ఎన్ని ఉన్నాయో చూసి గానీ పంచే సౌకర్యాన్ని ఆన్ చేయండి. వెయ్యి వరుసల కోడ్ మార్పును ఒకేసారి పంపి వెంటనే చూడమనడం మాత్రం సాటివారి ఏకాగ్రత మీద దాడే. దాన్ని ముక్కలు చేసి పంపండి.

ప్రశ్న: మా స్ప్రింట్ (నిర్ణీత కాలపు పని విడత) లక్ష్యం ప్రతిసారీ 'ఈ పద్నాలుగు టికెట్లు పూర్తి చేయడం' అనే ఉంటుంది. స్టాండప్ అనే రోజువారీ సమావేశం నలభై నిమిషాలు సాగుతుంది. ఎవరికీ ఉత్సాహం లేదు. మంచి యాప్ ఏదైనా చెబుతారా?

జవాబు: యాప్‌తో తీరే కష్టం కాదిది. టికెట్ల చిట్టాను లక్ష్యమని పిలిస్తే, ఏ టికెట్‌ను వదిలేయవచ్చో తేల్చుకునే ఆధారమే ఉండదు. 'పాస్‌వర్డ్ మరచిపోయిన వినియోగదారు సహాయ కేంద్రాన్ని సంప్రదించకుండా తానే తిరిగి లాగిన్ కాగలగాలి' అని రాసి చూడండి. పద్నాలుగింటిలో ఐదో ఆరో దానికి పనికొస్తాయి. బటన్ రంగు మార్చే టికెట్ వెనక్కి పోతుంది, కోడ్‌ను సరిచూసే, ఎవరూ రాయని పరీక్ష ఒకటి ముందుకు వస్తుంది. స్ప్రింట్ల పద్ధతిని వివరించే 2020 నాటి స్క్రమ్ గైడ్ కూడా రోజువారీ సమావేశానికి పదిహేను నిమిషాల హద్దు పెట్టి, స్ప్రింట్ లక్ష్యం వైపు ఎంత దూరం వచ్చామో చూసుకోవడమే దాని ఉద్దేశమని చెప్పింది. 'నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డంకులేమిటి' అని ఒక్కొక్కరితో అప్పజెప్పించుకునే మూడు ప్రశ్నలు ఆ కూర్పులో లేవు. కాబట్టి రేపటి స్టాండప్‌లో మనుషుల వరుసను పక్కన పెట్టి, బోర్డులో పూర్తి కావడానికి అతి దగ్గరగా ఉన్న కార్డు దగ్గర మొదలుపెట్టండి. ఇద్దరికే సంబంధించిన చర్చ వస్తే ఆ ఇద్దరూ తర్వాత మాట్లాడుకుంటారు.

ప్రశ్న: నేను మేనేజర్‌ని. ఇంటి నుంచి పనిచేసేవారు శ్రద్ధగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి కీబోర్డు, మౌస్ కదలికలను లెక్కించే సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకుంటున్నాం. ఏది మంచిది?

జవాబు: ఏదీ మంచిది కాదు. మౌస్‌ను దానంతటదే కదిలించే పరికరాలు ఇప్పటికే మార్కెట్‌లో దొరుకుతున్నాయి, మీరు కొలిచేది వాటి పనితీరునే. చిక్కుముడి లాంటి బగ్ గురించి అరగంట కదలకుండా ఆలోచించిన ఇంజినీర్ మీ నివేదికలో సోమరిగా తేలతారు. జట్టు పనితీరు తెలియాలంటే ఎంత తరచుగా విడుదల చేస్తున్నారు, రాసిన మార్పు ప్రొడక్షన్‌కు చేరడానికి ఎంత కాలం పడుతోంది, ఎన్ని విడుదలలు బెడిసికొడుతున్నాయి, బెడిసినప్పుడు ఎంతసేపట్లో కోలుకుంటున్నారు అని చూడండి. డోరా అనే పరిశోధన బృందం పేరుతో, డోరా కొలమానాలుగా వాడుకలోకి వచ్చినవి ఇవే. వీటిని కూడా జట్టు మొత్తానికే వర్తింపజేయాలి. మనిషికో మార్కు వేయడం మొదలుపెడితే మౌస్ లెక్కలాగే వీటినీ బోల్తా కొట్టిస్తారు.

ఏకాగ్రత గురించే మీ ఆరాటమైతే జట్టు సభ్యుల క్యాలెండర్లు తెరిచి, మధ్యలో మీటింగు లేకుండా వరుసగా రెండు గంటలు ఎవరికి ఎన్నిసార్లు దొరుకుతున్నాయో లెక్కపెట్టండి. గూగుల్ క్యాలెండర్‌లో ఆఫీసు ఖాతాలకు 2021 నుంచి 'ఫోకస్ టైమ్' ఉంది. ఆ సమయంలో వచ్చే ఆహ్వానాలను అదే తిరస్కరించేలా పెట్టుకోవచ్చు. 'స్పీడీ మీటింగ్స్' ఆన్ చేస్తే అరగంట సమావేశం ఇరవై అయిదు నిమిషాలకే ముగిసేలా నమోదవుతుంది. అయితే మేనేజర్ పంపిన ఆహ్వానాన్ని తిరస్కరించడానికి చాలామంది జంకుతారు కనుక, మీరు పంపిన వాటిలో ఏవి రద్దు చేయవచ్చో ముందు మీరే చూసి తీసేయండి.