అరటి తొక్కల నీళ్లు పోస్తున్నా ఆకులు ఎందుకు పసుపెక్కుతున్నాయి?

ఒంగోల్లో మేడ మీద కుండీల్లో వంగ, టమాటా, బెండ వేశామనీ, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పోస్తున్నా ఆకులు పసుపెక్కుతున్నాయనీ రాశారు. మాది కావలి. ఇక్కడా అదే ఎండ, అవే ఉప్పు బోర్లు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఏ ఆకులు పసుపెక్కుతున్నాయో చూడండి. కింది ముదురు ఆకులైతే నత్రజని చాలడం లేదు. అరటి తొక్కలో ఉండేది ఎక్కువగా పొటాషియమే, నత్రజని నామమాత్రం. పై లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని. ఆకు అంచులు మాడుతుంటే ఉప్పును అనుమానించండి. మన తీరం వైపు నేను ఎక్కువగా చూసేది ఇదే. కుండీ బయట తెల్లటి పొడి పేరుకుంటోందా? అయితే ఏ ద్రావణమైనా తర్వాతే. ముందు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోసి ఉప్పు కడిగేయండి. వాన నీళ్లు దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది! ఏసీ పైపు నుంచి కారే నీళ్లలోనూ ఉప్పు దాదాపు ఉండదు, మేం కింద బకెట్ పెట్టి పడతాం. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి, బోరులోని ఉప్పంతా చేరేది వాటిలోకే.

నత్రజనికి నా ఓటు వేరుశనగ చెక్కకే, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలేదానికే. అందులో నత్రజని సుమారు 7 శాతం, గానుగల దగ్గర దొరుకుతుంది. 100 గ్రాముల చెక్క పొడిని 2 లీటర్ల నీళ్లలో వేసి, పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. గుడ్డ లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, మూత బిగిస్తే గ్యాస్ పడుతుంది. ముందు చెక్క ఉబ్బుతుంది, తర్వాత నురగ కడుతుంది, ఆపై వాసన మొదలవుతుంది. పక్కింటివాళ్లు తలుపులేసుకునే వాసన! రోజూ రెండు పూటలా కర్రతో కలిపితే చాలావరకు తగ్గుతుంది. ఎండాకాలం మూడు రోజులు, చలికాలం ఐదు రోజులు చాలు. వడగట్టి ఒక వంతు ద్రావణానికి పది వంతుల నీళ్లు కలపండి, పల్చటి టీ రంగులో ఉండాలి. చిక్కగా పోస్తే అందులోని అమ్మోనియా వేళ్లను మాడ్చేస్తుంది. సాయంత్రం, తడి మట్టిలోనే, పదిహేను రోజులకోసారి పోయండి. పిప్పిని కుండీలో పైపైన వేయకండి, చీమలూ ఈగలూ ముసురుతాయి. కంపోస్టులో కలిపేయండి.

ఆవు పేడ, మూత్రం దొరికే వీలుంటే జీవామృతం కూడా మంచిది. 20 లీటర్ల నీళ్లకు కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, మందులు కొట్టని పొలం గట్టు మట్టి గుప్పెడు. రెండు రోజులు నీడలో కలుపుతూ ఉంచి, వారంలోపు వాడేయాలి. ఇది ఎరువు అనేకంటే మట్టిలోకి సూక్ష్మజీవుల్ని చేర్చేదనడమే సరి. కాబట్టి కుండీలో కంపోస్టు లేకుండా ఇదొక్కటే పోస్తే పెద్దగా తేడా ఉండదు. పేడ కలిసిన ఏ ద్రావణమైనా మొక్క మొదలు దగ్గర మట్టిలోనే పోయండి. కొత్తిమీర, పుదీనా లాంటి పచ్చిగా తినే ఆకుల మీద చల్లకండి.