టెక్ సందేహాలు: 99 శాతం వచ్చిందంటే ముందు అనుమానించండి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే నా ఇన్‌బాక్స్‌లో ఫోన్ స్టోరేజీ ప్రశ్నలు తగ్గిపోయి, అక్యురసీ (కంప్యూటర్ ఊహల్లో ఎన్ని సరైనవన్న శాతం) ప్రశ్నలు మొదలవుతాయి. ఈసారి వచ్చిన వాటిలో సగం ఆన్‌లైన్ క్లాసుల డేటా గురించి, మిగతా సగం సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల అంచనాల గురించి. పైకి వేరు వేరు సబ్జెక్టులు. చాలావాటిలో జబ్బు మాత్రం ఒకటే: ఏ కాలమ్ ఎప్పుడు నిండిందో చూసుకోకుండా మోడల్‌కి (పాత డేటా చూసి నేర్చుకుని ఊహ చెప్పే ప్రోగ్రామ్‌కి) పెట్టేయడం. అందుకే ఈ వారం అన్నీ కలిపి తీసుకున్నాను.

మా బ్యాచ్ ప్రాజెక్టు ‘ఆన్‌లైన్ కోర్సు మధ్యలో మానేసేవాళ్లను ముందే కనిపెట్టడం’. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ డేటాసెట్ తీసుకున్నాం. ర్యాండమ్ ఫారెస్ట్ అనే మోడల్‌తో 99 శాతం అక్యురసీ వచ్చింది. గైడ్ సర్ పేపర్ వేద్దామంటున్నారు. వైవాలో ఏమడుగుతారోనని టెన్షన్‌గా ఉంది.
– బీటెక్ విద్యార్థిని, నరసరావుపేట

పేపర్ సంగతి కొన్నాళ్లు ఆపమని సర్‌కి చెప్పండమ్మా. మీరు వాడుతున్నది ఔలాడ్ అని పిలిచే డేటాసెట్. 2017లో విడుదల చేశారు, మొత్తం 32,593 నమోదులు. అందులో రిజిస్ట్రేషన్ల ఫైలు తెరిస్తే ‘డేట్ అన్‌రిజిస్ట్రేషన్’ అని ఒక కాలమ్ కనిపిస్తుంది. కోర్సు మానేసినవాళ్లకు అందులో తేదీ ఉంటుంది, చివరిదాకా చదివినవాళ్లకు ఖాళీగా ఉంటుంది. మీ కోడ్‌లో ఆ ఖాళీలను సున్నాతో నింపి, మిగతా కాలమ్‌లతో పాటు దాన్నీ మోడల్‌కి ఇచ్చేసి ఉంటారు. ఆన్సర్ కీ చేతికిచ్చి పరీక్ష రాయించినట్టు అయింది. ఏ కాలమ్ మీద మోడల్ ఎంత ఆధారపడిందో చూపే ‘ఫీచర్ ఇంపార్టెన్స్’ గ్రాఫ్ వేయండి. ఒకే ఒక్క బార్ ఆకాశానికి లేచి, మిగతావన్నీ నేలమీద ఉంటే దొంగ దొరికినట్టే.

దాన్ని తీసేశాక కూడా మార్కులు బాగానే వస్తే సంబరపడకండి. రెండో దొంగ ఉన్నాడు: ‘మొత్తం క్లిక్కులు’. కోర్సంతా అయ్యాక లెక్కపెట్టిన క్లిక్కులు మానేసినవాళ్లకు తక్కువే ఉంటాయి, ఎందుకంటే వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. మీ ప్రాజెక్టు పేరులో ‘ముందే’ అనే మాట ఉంది కదా, దానికి కట్టుబడండి. ఒక రోజు ఎంచుకోండి, ఉదాహరణకు 28వ రోజు. ఈ డేటాసెట్‌లో తేదీలన్నీ కోర్సు మొదలైన రోజు నుంచే లెక్క, అంతకుముందు క్లిక్ చేసినవాళ్లకు మైనస్ అంకెలు ఉంటాయి. 28వ రోజు వరకు జరిగినవే ఫీచర్లుగా (మోడల్‌కి ఇచ్చే కాలమ్‌లుగా) తీసుకోండి. ఆ లోపే మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయండి, పోయినవాళ్లు పోతారని చెప్పడానికి మోడల్ ఎందుకు? 2013 బ్యాచ్‌లతో నేర్పించి 2014 బ్యాచ్‌లతో పరీక్షించండి. ఒకే విద్యార్థి ఒకటికి మించిన కోర్సుల్లో, మళ్లీ చేరినప్పుడు రెండోసారి కూడా కనిపిస్తాడు కాబట్టి, ఐడీలు రెండు వైపులా పడకుండా చూసుకోండి.

ఇప్పుడు అక్యురసీ పడిపోతుంది. పడనివ్వండి. దాన్ని దేనితో పోల్చాలో తెలిస్తే చాలు. 32,593లో మానేసినవాళ్లు 10,156. అంటే ‘ఎవరూ మానేయరు’ అని కళ్లు మూసుకుని చెప్పినా దాదాపు 69 శాతం వస్తుంది. 28వ రోజు తర్వాత మిగిలినవాళ్లతో ఇదే లెక్క మళ్లీ వేసుకోండి, అదే మీ నేల. అక్కడి నుంచి ఎంత పైకి వెళ్లారన్నదే మీ పని. వైవాలో ఎక్స్‌టర్నల్ అడగకముందే ‘మొదట 99 వచ్చింది సర్, కారణం ఇదీ’ అని మీరే చూపించండి. నేనైతే ఆ ఒక్క స్లైడుకే మంచి మార్కులు వేస్తాను.

మీ పక్క బ్యాచ్ ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఎఫర్ట్ (ప్రాజెక్టుకి పట్టే శ్రమ) అంచనా మీద చేస్తుంటే ఇది వాళ్లకూ చెప్పండి. ఆ రంగంలో అందరూ ముందుగా పట్టుకునే డెషార్నే డేటాసెట్‌లో 81 ప్రాజెక్టులు ఉంటాయి. ‘లెంగ్త్’ అన్న కాలమ్ ప్రాజెక్టు నిజంగా ఎన్ని నెలలు పట్టిందో చెబుతుంది. మొదలుపెట్టక ముందు ఆ సంగతి ఎవరికి తెలుసు? దాన్ని పెట్టుకుని ఎఫర్ట్ ఊహించామంటే అర్థం లేదు. టీమ్ అనుభవం కాలమ్‌లో అక్కడక్కడా -1 కూడా ఉంటుంది. అది అనుభవం కాదు, వివరం లేదని గుర్తు. లాంగ్వేజ్ కాలమ్‌లోని 1, 2, 3 కూడా రకాలే తప్ప ఒకదానికి మూడు రెట్లు ఇంకొకటి అని కాదు.

ఔలాడ్ డేటాసెట్‌లో క్లిక్కుల ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే పూర్తిగా లోడ్ కాలేదని మెసేజ్ వస్తోంది. నాది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కొనాలని నాన్నగారిని అడగనా?
– ఎంసీఏ విద్యార్థి, కరీంనగర్

అడగొద్దు. ఆ ఫైలులో కోటికి పైగా వరుసలు, కచ్చితంగా 1,06,55,280. ఎక్సెల్ షీటులో పట్టేది 10,48,576. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కొన్నా ఎక్సెల్‌లో ఈ హద్దు మారదు. పైథాన్‌లో డక్‌డీబీ (పెద్ద ఫైళ్ల మీద నేరుగా లెక్కలు తీసే టూల్) ఇన్‌స్టాల్ చేసుకుని, విద్యార్థి ఐడీ, వారం వారీగా క్లిక్కుల మొత్తం తీసి ఆ చిన్న పట్టికతో పని చేయండి. పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీ అలవాటైతే ‘చంక్‌సైజ్’ పెట్టి ముక్కలుగా చదవండి. మీ 8 జీబీ ధారాళంగా సరిపోతుంది. ర్యాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ లాంటివి ఈ సైజు పట్టికల మీద మామూలు ప్రాసెసర్‌తోనే నడుస్తాయి. నాన్నగారి డబ్బు మిగిలింది.

హైదరాబాద్‌లో టీమ్ లీడ్‌ని. జిరాలో (టీమ్ పనులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) మా రెండేళ్ల టికెట్లు, అంటే ఒక్కో పని వివరాలు, ఉన్నాయి. వాటితో ఏఐ మోడల్ తయారుచేసి కొత్త టికెట్లకు స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో చెప్పే అంకెలు) ఆటోమేటిక్‌గా వేయించమని మేనేజర్ అంటున్నారు. ఏ మోడల్ మంచిది?
– మాదాపూర్ నుంచి ఒక పాఠకుడు

మోడల్ గురించి తర్వాత, ముందు మీ టీమ్ స్టాండప్ (రోజువారీ చిన్న మీటింగ్) గుర్తు చేసుకోండి. స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత) ఆఖరి రోజు సాయంత్రం ‘అందరూ మీ టికెట్లు మూవ్ చేయండి ప్లీజ్’ అని చాట్‌లో మెసేజ్ పెట్టేది మీరే కదా? వెంటనే పది టికెట్లు ఒకేసారి ‘డన్’ (పూర్తయినవి) జాబితాలోకి దూకుతాయి. మంగళవారం అయిపోయిన పని, శుక్రవారం దాకా నడుస్తున్న పని, డేటాలో రెండిటికీ ఒకే తేదీ. టైమ్‌షీట్లయితే ఇంకా అందం: రోజుకి 8, రోజుకి 8, రోజుకి 8. దీంట్లో తవ్వితే బయటపడేది మీ రిపోర్టింగ్ అలవాట్లే.

ఈ ప్రశ్న మీద పరిశోధన బాగానే జరిగింది. టికెట్ టైటిల్, వివరణ చదివి స్టోరీ పాయింట్లు చెప్పే డీప్-ఎస్‌ఈ అనే డీప్ లెర్నింగ్ మోడల్‌ని 16 ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లోని 23,313 టికెట్ల మీద పరీక్షించి, ఫలితాలు బాగున్నాయని 2018లో ప్రకటించారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు. ‘గత టికెట్ల పాయింట్ల మీడియన్ (వరుసలో పేరిస్తే నడిమి అంకె) ఎంతో అదే చెప్పు’ అనే మొద్దు పద్ధతి కంటే ఆ మోడల్ స్పష్టంగా మెరుగ్గా ఉన్న సందర్భాలు చాలా తక్కువని తేలింది. మీటింగ్‌లో మేనేజర్ గారికి చూపించాల్సిన పేపర్ ఏదైనా ఉంటే ఇదే.

కారణం ఊహించడం కష్టం కాదు. పాయింటు అనేది గంట కాదు, కిలో కాదు. మీ టీమ్‌లో 5 అన్నది పక్క టీమ్‌లో 2 కావచ్చు. మీ టీమ్‌లోనే సీనియర్ ఒకరు మానేశాక 3 కాస్తా 5 అయి ఉండొచ్చు. ఇంకో చిక్కు: పని సగంలో పాయింట్లు మార్చే అలవాటు చాలా టీమ్‌లలో ఉంది. జిరా నుంచి సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్ రూపంలోని పట్టిక ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇప్పటి అంకె మాత్రమే వస్తుంది, మొదట ఎంత వేశారో రాదు. పాత విలువలు కావాలంటే ఏపీఐలో (ప్రోగ్రామ్ ద్వారా డేటా తెచ్చుకునే దారి) టికెట్‌తో పాటు ‘చేంజ్‌లాగ్’ (మార్పుల చరిత్ర) కూడా అడిగి తెచ్చుకోవాలి. నరసరావుపేట అమ్మాయికి చెప్పిన కథే ఇక్కడా: మొదలుపెట్టిన రోజున తెలిసిన అంకె వేరు, ముగిశాక దిద్దిన అంకె వేరు.

నా సలహా ఇదీ. పాయింట్లు ఊహించే పని వదిలేయండి. చేంజ్‌లాగ్ నుంచి ప్రతి వారం నిజంగా ఎన్ని టికెట్లు పూర్తయ్యాయో తీయండి, ఆఖరి 12 వారాలు చాలు. రాబోయే రిలీజ్‌కి 40 టికెట్లున్నాయనుకోండి. ఆ 12 వారాల్లోంచి లాటరీలా ఒక వారం తీసి దాని అంకె కలపండి, 40 దాటేదాకా తీస్తూనే ఉండండి, ఎన్ని వారాలు పట్టిందో రాసుకోండి. ఇది కంప్యూటర్‌తో వెయ్యిసార్లు చేయిస్తే ‘7 వారాల్లో అయ్యే అవకాశం సగం, 9 వారాలైతే 85 శాతం’ లాంటి జవాబు వస్తుంది. గూగుల్ షీట్స్‌లో కూడా చేసుకోవచ్చు. ఆఖరి రోజు మూకుమ్మడి క్లిక్కుల బెడద కూడా ఇందులో తక్కువే, వారం మొత్తానికి అంకె పెద్దగా చెదరదు.

అయినా మోడల్ చేసి తీరాలంటే, సగటు శాతం పొరపాటు (ఎంఎంఆర్‌ఈ అంటారు) చూసి మోడల్‌ని ఎంచుకోకండి. 10 రోజుల పనికి సున్నా రోజులు అని చెప్పినా పొరపాటు 100 శాతమే, 30 రోజులు అంటే మాత్రం 200 శాతం. అందుకే ఆ కొలత తక్కువ చెప్పే మోడల్‌ని గెలిపిస్తుంది. తక్కువ చెబితే మేనేజర్‌కి నచ్చుతుంది, డెడ్‌లైన్ దాకా.

ఇంకొక్క మాట. ఈ లెక్కలను ఎవరి అప్రైజల్‌కీ వాడబోమని ముందే అందరికీ చెప్పి, నిలబెట్టుకోండి. లేదంటే వచ్చే నెల నుంచి ఒక్కో టికెట్ మూడు ముక్కలవుతుంది.

నాసా సీఎం1 డేటాసెట్‌తో బగ్గులున్న మాడ్యూళ్లను (కోడ్ ముక్కలను) కనిపెట్టే మోడల్ చేశాను. 90 శాతం వచ్చింది. ఎంటెక్ థీసిస్‌కి సరిపోతుందా?
– పాఠకుడు, కాకినాడ

సీఎం1లో మాడ్యూళ్లు 498, బగ్గులున్నవి 49. ‘దేంట్లోనూ బగ్గు లేదు’ అన్నా 90 శాతం వస్తుంది. ఆ 49లో మీ మోడల్ ఎన్ని పట్టుకుంది, ఎన్నింటిని అనవసరంగా అనుమానించింది, అవి రాయండి. ఇంకోటి, ఈ నాసా డేటాసెట్లు రెండు మూడు రూపాల్లో తిరుగుతున్నాయి, వాటిలో ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం లాంటి లోపాలున్నాయని మార్టిన్ షెపర్డ్ బృందం 2013లోనే చూపించింది. మీ దగ్గరున్నది ఏ రూపమో, ఏం శుభ్రం చేశారో థీసిస్‌లో ఒక పేరా ఉండాలి.

మా డిగ్రీ కాలేజీలో మూడుల్ (ఆన్‌లైన్ క్లాసులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాం. వెనకబడే పిల్లలను ముందే చూపించే సదుపాయం అందులో ఉందని విన్నాను. ఎలా ఆన్ చేయాలి?
– అధ్యాపకురాలు, అనంతపురం

ఉందండి, 3.4 వెర్షన్ నుంచి వచ్చింది. సైట్ అడ్మినిస్ట్రేషన్‌లో అనలిటిక్స్ మోడళ్ల దగ్గర ‘స్టూడెంట్స్ ఎట్ రిస్క్ ఆఫ్ డ్రాపింగ్ అవుట్’ అని కనిపిస్తుంది. కానీ అది నేర్చుకోవడానికి మీ దగ్గర ఇప్పటికే ముగిసిన కోర్సులుండాలి, వాటికి ముగింపు తేదీ వేసి ఉండాలి. చాలా కాలేజీల్లో ఆ తేదీ ఎవరూ వేయరు, పాత కోర్సులోనే కొత్త బ్యాచ్‌ని చేర్చేస్తారు. లాగులు (ఎవరెప్పుడు ఏం చేశారన్న రికార్డులు) ఎన్నాళ్లు దాచాలన్న సెట్టింగ్‌ కూడా చూడండి. స్థలం కోసం ఎవరైనా నెల రోజులకు కుదించి ఉంటే పాత డేటా ఎప్పుడో పోయి ఉంటుంది.

ఇవన్నీ సరిచేసి ఆన్ చేసినా, వచ్చిన పేర్ల జాబితాని నోటీసు బోర్డు మీద పెట్టకండి. మన కాలేజీల్లో జరిగేది మీకు తెలుసు: ఒకళ్లు లాగిన్ అయి పీడీఎఫ్ దింపుకుంటారు, అది వాట్సాప్ గ్రూపులో పడుతుంది, మిగతా నలభై మంది అక్కడే చదువుకుంటారు. మూడుల్ లెక్కలో ఒక్కడు శ్రద్ధగలవాడు, నలభై మంది ప్రమాదంలో ఉన్నారు. జాబితాలో పేరొస్తే ఆ పిల్లవాడిని పిలిచి మాట్లాడటానికి మాత్రమే వాడండి. ఇంటర్నల్ మార్కులతో ముడిపెట్టకండి.

కంపెనీలో ట్రైనింగ్ కోర్సులు తయారుచేస్తాను. స్కార్మ్ 1.2 (ఆన్‌లైన్ కోర్సులను ప్యాక్ చేసే ప్రమాణం) ప్యాకేజీ. చిన్న కోర్సులు బాగానే నడుస్తున్నాయి. పెద్ద కోర్సు మాత్రం సగంలో మూసి మళ్లీ తెరిస్తే మొదటి స్లైడుకి వెళ్లిపోతోంది. ఉద్యోగులు తిడుతున్నారు.
– పాఠకుడు, విశాఖపట్నం

చిన్నవి నడిచి పెద్దది ఆగుతోందంటే నా అనుమానం ‘సస్పెండ్ డేటా’ మీద. ఎక్కడ ఆగారు, ఏ స్లైడు చూశారు, క్విజ్‌లో ఏం నొక్కారు అన్నీ ఈ ఒక్క గడిలోనే దాస్తారు. స్కార్మ్ 1.2లో దాని హద్దు 4,096 అక్షరాలు. కోర్సు పెద్దదైతే హద్దు దాటుతుంది. అప్పుడు కొన్ని సర్వర్లు తోక కోసేస్తాయి, కొన్ని మొత్తం తిప్పి పంపేస్తాయి. కోర్సుకి గతం గుర్తుండదు, మొదటి స్లైడు చూపిస్తుంది.

మీది మూడుల్ అయితే ఆ కోర్సు రిపోర్టుల్లో ఒక ఉద్యోగి ట్రాక్ వివరాలు తెరిచి, సస్పెండ్ డేటా పొడవు చూడండి. సరిగ్గా 4,096 దగ్గర తెగి ఉంటే అనుమానం నిజమే. అడ్మిన్‌తో ‘స్కార్మ్ స్టాండర్డ్స్ మోడ్’ ఆఫ్ చేయిస్తే మూడుల్ ఆ హద్దుని పట్టించుకోదు. వేరే ఎల్‌ఎంఎస్ (కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) అయితే, అది ఒప్పుకుంటే స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌గా మళ్లీ పబ్లిష్ చేయండి, అక్కడ 64,000 దాకా పడుతుంది. రెండూ కుదరకపోతే కోర్సుని రెండు మూడు మాడ్యూళ్లుగా విడగొట్టండి. ఒక్క జాగ్రత్త: ఇప్పటికే సగం చదివినవాళ్ల పురోగతి కొత్త ప్యాకేజీకి రాకపోవచ్చు. అందుకే మార్చే ముందు రోజు అందరికీ మెయిల్ పెట్టండి, లేకపోతే తిట్లు రెట్టింపవుతాయి.

గూగుల్ ఫారమ్‌లో తెలుగులో తీసుకున్న ఫీడ్‌బ్యాక్‌ని సీఎస్‌వీగా దింపి ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.
– టీచర్, నల్గొండ

ఫైలు మీద డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి ఫైలు ఎంచుకోండి. వచ్చిన కిటికీలో ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001: యూనికోడ్ (యూటీఎఫ్-8) పెట్టి లోడ్ చేయండి, తెలుగు చక్కగా వస్తుంది. అప్పటిదాకా పిచ్చి గుర్తులున్న ఫైలుని మాత్రం సేవ్ చేయొద్దు. అలా సేవ్ చేస్తే తెలుగు పాడైపోవచ్చు. అయితే కంగారు పడకండి, గూగుల్ ఫారమ్ నుంచి మళ్లీ దింపుకోవచ్చు.