బోరు ఎత్తిపోయిన చోట పుట్టిన ఆసక్తి: పాపను జియోఫిజిక్స్ చదివించవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర పల్లె. నిమ్మతోట మీద బతుకుతున్నాం. పోయిన ఎండాకాలం జియాలజిస్టును పిలిపించి, మిషనుతో చూపించి, పాయింటు పెట్టించి బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మా పాప సీనియర్ ఇంటర్, ఎంపీసీ. ఆ మిషను దగ్గరే నిలబడి అంతా చూసింది. అప్పటినుంచి భూమి లోపల ఏముందో పైనుంచి కనిపెట్టే చదువే చదువుతానంటోంది. బంధువులేమో కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటున్నారు. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా? ఆడపిల్ల చేయగలిగిన పనేనా?

జవాబు: చదివించండి అన్నా. పాప అడుగుతున్న చదువు పేరు జియోఫిజిక్స్. మీ బోరు ఎందుకు ఎత్తిపోయిందో తెలిస్తే ఈ చదువు ఎలాంటిదో మీకే అర్థమవుతుంది, అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

ఆ రోజు మీ పొలంలో ఒకే వరసలో నాలుగు ఇనప కడ్డీలు పాతి ఉంటారు. బయటి రెండింటి గుండా నేలలోకి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో ఇలాంటి కొలతలు మొదలుపెట్టాడు. కడ్డీలు పాతే ఆ పద్ధతికి ఇప్పటికీ ఆయన పేరే.

మిషను నీళ్లను చూడదు. నేల కరెంటును ఎంత అడ్డుకుంటోందో, ఆ ఒక్క సంగతే చెబుతుంది. ఆ అడ్డుకోవడాన్ని ఓమ్-మీటర్లలో కొలుస్తారు. పగుళ్లు లేని గట్టి రాయి అయితే వేల ఓమ్-మీటర్లు. అదే రాయి మెత్తబడి నీరు పట్టి ఉంటే పదుల్లోకో, వంద చుట్టుపక్కలకో దిగుతుంది. బంకమట్టి, ఉప్పునీరు ఇంకా కిందికి పోతాయి. చిక్కంతా ఇక్కడే. అంకె తక్కువ వచ్చిందంటే అది మంచినీరు కావచ్చు, బంకమట్టీ కావచ్చు. పైగా మీ మెట్ట ప్రాంతంలో నీరుండేది పైన మెత్తబడ్డ పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ. మూడు వందల అడుగుల లోతున బెత్తెడు పగులుంటే, దానివల్ల నేలమీద కొలతలో వచ్చే తేడా చాలా స్వల్పం. ఒక్క చోట కొలిస్తే అది దొరకదు. పొలం పొడవునా పదుల సంఖ్యలో కడ్డీలు పాతి, వందల కొలతలు తీసి, కంప్యూటర్‌తో నేలను నిలువునా కోసి చూసినట్టు బొమ్మ గీస్తే అవకాశం మెరుగవుతుంది. దానికి ఖర్చెక్కువ, మన రైతులు పెట్టుకోలేరు. కాబట్టి మీకు పాయింటు పెట్టినతను మోసం చేశాడనుకోనక్కర్లేదు. అయితే ఎంత నమ్మకంతో చెబుతున్నాడో ముందే చెప్పి ఉండాల్సింది. ‘ఇక్కడ వద్దు’ అని రైతు మొహం మీద చెప్పగలిగినవాళ్లు ఈ వృత్తిలో ఇంకా ఎక్కువమంది కావాలి.

ఒకే రకం కొలతలకు లోపల నాలుగైదు రకాల నేలలు సరిపోతాయి. వాటిలో ఏది నిజానికి దగ్గరో లెక్కలు కట్టి, ఆ చోటి రాయిని తెలుసుకుని తేల్చుకోవాలి. అన్నట్టు, నెల్లూరు షిస్టు బెల్టులో (షిస్టు అనే పొరల రాయి పరుచుకున్న ప్రాంతం) ఒక రాతి వర్గానికి భూగర్భ శాస్త్రవేత్తలు మీ వింజమూరు పేరే పెట్టారు, పాపకు చెప్పండి. లెక్కలంటే ఆమెకు ఇష్టమో కాదో మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి. ఆ రోజు తీసిన కొలతల కాగితం అడిగి తెప్పించండి. రిగ్గువాళ్లు ఎన్ని అడుగుల దగ్గర ఏ రంగు పొడి వచ్చిందన్నారో మీరు గుర్తు చేసుకుని చెప్పండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ కలిసిందో ఎక్కడ తప్పిందో ఆమెనే వెతకమనండి. ఆ పనిలో నాలుగు రోజులు విసుగు లేకుండా కూర్చుంటే ఇక నన్ను అడగనక్కర్లేదు.

పని బోర్లతో ఆగదు. అల్లూరు, విడవలూరు వైపు తీరం వెంట ఒకే గీత మీద ఏటేటా కొలుస్తూ పోతే ఉప్పునీరు లోపలికి ఎంత జరిగిందో పట్టుకోవచ్చు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. అలాంటి కదలికలను నమోదుచేసి, ఎక్కడ, ఎంత లోతులో పుట్టాయో లెక్కగట్టేది ఈ శాస్త్రమే. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు నేలలోకి రాడార్ తరంగాలు పంపే పరికరంతో వెళ్లారు. ఇక 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాల సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు గగుర్పొడుస్తుంది. భూమి ఆకర్షణలో వచ్చే అతి చిన్న మార్పులు కొలిచి, రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో ఆరేళ్లలో సుమారు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని ఆకాశం నుంచి తేల్చారు.

ఇప్పుడు దారి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లోనూ, ధన్‌బాద్ ఐఎస్‌ఎంలోనూ ఇంటర్ తర్వాత నేరుగా చేరే జియోఫిజిక్స్ కోర్సులున్నాయి. కంప్యూటర్ సైన్స్‌తో పోలిస్తే చాలా వెనక ర్యాంకుకే సీటొస్తుంది. రాకపోతే దిగులు పడొద్దు, డిగ్రీ దారి కూడా మంచిదే. అయితే 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీని ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పద్ధతికి మార్చారు. ఫిజిక్స్ మేజర్ తీసుకుని మ్యాథ్స్‌ను మైనర్‌గా (తోడు సబ్జెక్టుగా) తప్పకుండా పెట్టించండి. మ్యాథ్స్ వదిలేస్తే పీజీ దగ్గర తలుపు మూసుకుపోవచ్చు. పీజీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మూడేళ్ల ఎమ్మెస్సీ టెక్ జియోఫిజిక్స్ ఉంది. ఏపీ పీజీసెట్ రాయాలి. నా మొదటి ఎంపిక అదే. ఉస్మానియాలోనూ జియోఫిజిక్స్ ఉంది. ఐఐటీల పీజీకి జామ్ పరీక్ష. పెట్రోలియం ఇంజనీరింగ్ కూడా ఇదేనని ఎవరైనా ప్రైవేటు కాలేజీ వాళ్లు చెబితే ఫీజు కట్టేయకండి. అది బావి తవ్వి చమురు పైకి తీసే చదువు, చమురు ఎక్కడుందో వెతికేది కాదు.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాను. కంప్యూటర్ సైన్స్ వాళ్లలా క్యాంపస్‌లోనే వరసగా ఆఫర్లు రావు. యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జీఎస్‌ఐలో (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) జియోఫిజిసిస్టుగా, కేంద్ర భూగర్భజల బోర్డులో సైంటిస్టుగా చేరొచ్చు. మంచి హోదా, మంచి జీతం. కానీ జియాలజీ పోస్టులతో పోలిస్తే ఇవి బాగా తక్కువ. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా, హైదరాబాద్ కేంద్రంగా యురేనియం వెతికే ఏఎండీ, రాష్ట్ర భూగర్భజల శాఖ కూడా తీసుకుంటాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ప్రైవేటులో మెట్రో, డ్యామ్, సొరంగం పనులకు ముందు నేల పరీక్షలు చేసే సంస్థలున్నాయి. మొదట్లో జీతం తక్కువే. అందుకని డిగ్రీ మొదటి ఏడాది నుంచే పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. జియోఫిజిక్స్‌లో రోజువారీ పని చాలావరకు డేటాతోనే. అది చేతిలో ఉంటే నోటిఫికేషన్ కోసం చూసే కాలంలోనూ ఖాళీగా ఉండదు, బంధువులు చెప్పే వైపుకి వెళ్లాలన్నా దారి తెరిచే ఉంటుంది.

ఆడపిల్ల సంగతి. ఫీల్డు పని అంటే ఎండలో, కొండల్లో, ఒక్కోసారి వారాల తరబడి క్యాంపులో ఉండటమే, అందులో అబద్ధం లేదు. జీఎస్‌ఐలో, ఎన్‌జీఆర్‌ఐలో ఆడవాళ్లు ఆ పని చేస్తూనే ఉన్నారు. ఫీల్డుకు వెళ్లనివాళ్లకు డేటా ప్రాసెసింగ్ సెంటర్లలో కూర్చుని చేసే పనీ బోలెడుంది. మీ భయం నాకు తెలుసు. దాన్ని తీర్చగలిగేది ఆ పనిలో ఉన్న ఒక ఆడమనిషే, నేను కాదు. ఎన్‌జీఆర్‌ఐ లాంటి ల్యాబులను నడిపే కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ స్థాపన దినం సెప్టెంబరు 26. ఆ సందర్భంగా దాని ల్యాబులు పిల్లల్ని లోపలికి రానిస్తుంటాయి, ఎన్‌జీఆర్‌ఐ కూడా వాటిలో ఒకటి. తేదీ ముందే కనుక్కుని పాపతోపాటు మీరూ అది ఉన్న హైదరాబాద్ ఉప్పల్ వెళ్లండి. అక్కడ పనిచేసే ఆడవాళ్లను క్యాంపుల్లో ఎలా ఉంటారో, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారో, ఇంట్లోవాళ్లు ఏమన్నారో మీరే అడగండి.